పాప పేరు ఎవరు తప్పు రాసినా అమ్మకి కోపం: ఒక కేసు మొదట్నుంచి చివరిదాకా

నా దగ్గరకి కౌన్సెలింగ్‌కి వచ్చిన ఈ కేసు రాయమని అడిగింది ఆ పాప వాళ్ళ అమ్మే, "నాలాంటోళ్ళు చాలామందే ఉంటారు మేడమ్, రాయండి" అన్నారు. ఎప్పట్లాగే ఇంటి వివరాలు కొన్ని మార్చేశాను, కానీ పేరు దగ్గరకొచ్చేసరికి చిక్కొచ్చింది, గొడవంతా ఆ పేరులో అక్షరాల మీదే కదా, ఏదో ఒకటి పెట్టేస్తే కేసే అర్థం కాదు. అందుకని అచ్చం అలాంటి ఇబ్బందే ఉన్న ఇంకో పేరు వెతికి పెట్టాను, ధృతి అనుకుందాం. పాపకి ఎనిమిదేళ్ళు, ఒక్కతే కూతురు. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలు చేస్తారు.

వాళ్ళు నా దగ్గరకి వచ్చింది పేరు గురించి కాదు. "పాపకి డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉందేమో చూడండి, తన పేరు తనే తప్పు రాసుకుంటోంది" అని వచ్చారు. డ్రాయింగ్ పుస్తకం అట్ట మీద, బొమ్మల కింద, చివరికి ఫ్రెండ్ పుట్టినరోజుకి చేసిన కార్డు మీద కూడా శృతి అని రాసుకుంది పాప. రెండో క్లాసు దాకా చక్కగా ధృతి అనే రాసేది, ఇప్పుడే ఇలా మొదలైంది అని వాళ్ళమ్మ కంగారు.

(మధ్యలో ఒక మాట, శృతి అని అందరం రాసేస్తాం గానీ అసలు శ్రుతి అని రాయాలి. అంటే పాప పేరు తప్పు రాసేవాళ్ళు ఆ తప్పుని కూడా తప్పుగానే రాస్తున్నారు. ఇది వాళ్ళ నాన్న చెప్పి నవ్వారు, అమ్మ నవ్వలేదు.)

డిస్లెక్సియా సంగతి ముందు తేల్చాలి కదా, పాపతో చదివించాను, డిక్టేషన్ ఇచ్చాను, వయసుకి తగ్గట్టు చూడాల్సినవన్నీ చూశాను, ఎక్కడా తేడా లేదు, ఒత్తులు వట్రుసుళ్ళు అన్నీ సరిగ్గానే వేస్తోంది. "నీ పూర్తి పేరు రాయమ్మా" అంటే ఒత్తు ధ, కింద వట్రుసుడి, పక్కన తి, ఇంటిపేరుతో సహా తప్పు లేకుండా రాసిచ్చింది. మరి పుస్తకం మీద అలా ఎందుకు రాశావు అనడిగితే నా వైపు చూడకుండా పెన్సిల్ చెక్కుకుంటూ చెప్పింది, "శృతి అని రాస్తే ఎవరూ ఏమీ అనరు ఆంటీ, అమ్మ కూడా రాదు".

అమ్మ కూడా రాదు అంటే ఏంటో తెలుసుకోడానికి కొంత టైమ్ పట్టింది.

అమ్మ వైపు కథ ఇదీ. ఆవిడ ఫోన్లో ఒక ఫోల్డర్ ఉంది, పాప పేరు ఎవరు ఎక్కడ తప్పు రాసినా ఫొటో తీసి అందులో పెడతారు. ద్రుతి, ధ్రుతి, దృతి, శృతి, ఒకచోట ధృవి, ఒక కేకు మీదైతే ధ్రువ్ అని అబ్బాయి పేరే రాసేశారు. ఇంగ్లీషు అక్షరాల్లో అయితే ఇంకా ఎన్ని రకాలో, డి పక్కన హెచ్ ఉంటే ఆర్ పక్కన యు ఉంటుంది, అది సరిచేస్తే చివర టి పక్కన ఇంకో హెచ్ వచ్చి కూర్చుంటుంది. ప్రతి ఫొటో వెనకా ఒక కథ ఉంది, ఎవరికి ఫోన్ చేసిందీ, వాళ్ళేమన్నదీ, ఎలా మార్పించిందీ పూసగుచ్చినట్టు చెప్పారు. వింటుంటే నాకనిపించింది, ఇందులో కోపం కన్నా అలసటే ఎక్కువుంది అని.

పాప వైపు కథ మాత్రం ఒక్కటే. స్కూల్ ఫంక్షన్లో బొమ్మల పోటీకి ప్రైజ్ వచ్చింది, స్టేజీ మీద పేరు తప్పు పిలిచారు, సర్టిఫికెట్ మీద కూడా తప్పే ఉంది, అమ్మ లేచి స్టేజీ దగ్గరకి వెళ్ళి అక్కడికక్కడే మార్చమని అడిగింది, మైకు పట్టుకున్న టీచర్ సారీ చెప్పారు, అందరూ చూస్తున్నారు, ప్రైజ్ చేతిలో పట్టుకుని పాప అలా నిలబడే ఉంది. అమ్మ ఇదే సంగతి నాకు చెప్పినప్పుడు "వెంటనే సరిచేయించాను" అన్నారు, పాప చెప్పినప్పుడు "నా ఫ్రెండ్స్ అంతా చూశారు" అంది. అప్పట్నుంచి పాప తన పేరు ఎవరైనా తప్పు రాస్తే అమ్మకి కనపడకుండా దాచడం మొదలుపెట్టింది, ఆ తర్వాత అసలు గొడవే రాకుండా తనే తప్పు పేరు రాసుకోవడం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్ళ పిల్ల బుర్రకి తట్టిన ఉపాయం అది, నిజం చెప్పాలంటే చాలా తెలివైన ఉపాయమే.

నేను పిల్లలతో మాట కలపడానికి అక్షరాల కార్డులు వాడతాను, టేబుల్ మీద పరిచి నచ్చినవి తీసుకోమంటాను. 1985లో నట్టిన్ అనే బెల్జియం సైకాలజిస్టు చూపించింది ఏంటంటే మనుషులకి తమ పేరులో ఉండే అక్షరాలు మిగతావాటి కన్నా ఎక్కువ నచ్చుతాయి, ఎందుకు నచ్చాయో వాళ్ళకే తెలీదు, తర్వాత వేరే భాషల్లో చేసినవాళ్ళకి కూడా అదే వచ్చింది. నేను ఆడించేది ఆ ప్రయోగం కాదు, టెస్టూ కాదు, దాన్నిబట్టి ఏమీ తేల్చకూడదు కూడా, ఊరికే మాటల కోసం. కానీ ఈ పాప చేసింది చెప్పకుండా ఉండలేను, రంగురంగుల కార్డుల్లోంచి ధ కార్డు ఏరి తిప్పేసి పక్కన పెట్టింది. అదేంటమ్మా అంటే "అది గొడవ అక్షరం" అంది.

ఇది నేను వాళ్ళమ్మకి చెప్పాను, పాపని అడిగి పాప సరేనన్నాకే చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత తన సంగతి చెప్పారు. ఆవిడ స్కూల్ సర్టిఫికెట్లో ఆవిడ పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది, చిన్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, "ఒక్క అక్షరమేగా" అన్నారు. పెద్దయ్యాక పాస్‌పోర్టుకి వెళ్తే ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఒకలా, ఈ ఇద్దరూ ఒకరే అని నిరూపించుకోడానికి అఫిడవిట్లు, సంతకాలు, తిరగడాలు, ఉద్యోగంలో చేరేటప్పుడు మళ్ళీ అదే. ఈరోజుకీ ఆవిడ ఆఫీసు సంతకం ఆ తప్పు పేరుతోనే. కూతురికి ఆ గతి పట్టకూడదని పుట్టినరోజునే అనుకున్నారట.

కాబట్టి ఈ కేసులో "మీరు మరీ ఎక్కువ చేస్తున్నారు, వదిలేయండి" అనేది పనికొచ్చే మాట కాదు. ఇంట్లో అందరూ అదే అంటున్నారు, అన్న ప్రతిసారీ ఆవిడకి ఆ పాత "ఒక్క అక్షరమేగా" గుర్తొస్తోంది. ఆ భయానికి ఆధారం ఉంది. కాకపోతే ఆ భయం చూపించాల్సిన చోట కాకుండా కేకుల మీద, సర్టిఫికెట్ల మీద చూపిస్తున్నారు. నా పని ఆవిడ పట్టుదల తగ్గించడం కాదు, దాన్ని సరైన చోటికి మళ్ళించడం అనుకున్నా.

అందుకే ముందు కాగితాలతోనే మొదలుపెట్టాను. కౌన్సెలింగ్‌లో ఇదేంటి అని కొందరు నవ్వొచ్చు, కానీ నిజమైన సమస్య ఉన్నచోట ఊపిరి పీల్చి వదలండి అంటే ఎవరికి కోపం రాదు చెప్పండి. పాప పేరున్న కాగితాలన్నీ తెమ్మన్నాను, పుట్టిన సర్టిఫికెట్, టీకాల పుస్తకం, హాస్పిటల్ ఫైలు, స్కూల్ అడ్మిషన్ కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్. టేబుల్ మీద పక్కపక్కన పెట్టి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివించాను. పుట్టిన సర్టిఫికెట్లో డి హెచ్ ఆర్ ఐ టి ఐ. స్కూల్ అడ్మిషన్ కాగితంలో డి హెచ్ ఆర్ యు టి హెచ్ ఐ. అది నింపింది వాళ్ళ నాన్నే, హడావుడిలో నోటికొచ్చినట్టు రాసేశారు, ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు. ప్రైజు సర్టిఫికెట్ కోసం స్టేజీ దాకా వెళ్ళిన ఇంట్లో అసలు మార్చాల్సిన తప్పు అడ్మిషన్ రోజు నుంచి రిజిస్టర్లో హాయిగా కూర్చుని ఉంది.

ఇంగ్లీషు స్పెల్లింగ్ ఎందుకంత ముఖ్యమో నాన్నగారికి అప్పుడు చెప్పాల్సొచ్చింది, ఆయనకి ఇదంతా ఆడవాళ్ళ చాదస్తంలా ఉండేది. పాస్‌పోర్టులో ఫొటో పేజీ కింద రెండు వరుసలు ఉంటాయి కదా, బాణాల గుర్తులతో, అది మెషీన్ చదవడానికి, ఒక్కో వరుసలో 44 గళ్ళు, పేరుకి పై వరుసలో 39. ఏ దేశం పాస్‌పోర్టైనా అంతే, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన రూలు అది. ఆ పేరు గళ్ళల్లో ఇంగ్లీషు పెద్దక్షరాలు తప్ప ఇంకేమీ పట్టవు, మన వట్రుసుడి దానికి తెలీదు, ఐ ఉంటే ఐ, యు ఉంటే యు, అవి రెండూ దానికి ఇద్దరు వేర్వేరు మనుషులు. టికెట్ మీద పేరు దీనితో కలవాలి. పిల్లల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 1989లో చేసిన ఒప్పందంలో ఏడో ఆర్టికల్ ప్రకారం పుట్టగానే నమోదు, పేరు బిడ్డ హక్కు, ఎనిమిదో దాంట్లో పేరుతో సహా ఆ గుర్తింపుని కాపాడుకునే హక్కు ఉంది. అంటే మీ ఆవిడ పట్టుదల ఏమీ చాదస్తం కాదండీ అన్నాను. ఆయన రిజిస్టర్ మార్పించే పని తన మీద వేసుకున్నారు, అమ్మ ముఖంలో మార్పు మొదటిసారి అప్పుడే చూశాను, ఎందుకంటే పేరు పని ఇంకొకరు ఎత్తుకోవడం ఆ ఇంట్లో అదే మొదలు.

ఇద్దరూ కూర్చుని ఒకటే స్పెల్లింగ్ ఖాయం చేసుకున్నారు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్దక్షరాలతో రాసి ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలో, అమ్మమ్మ ఫోన్లో పెట్టుకున్నారు. ఏ ఫారం నింపినా ఆ ఫొటో చూసి నింపడమే, కేకు ఆర్డరిచ్చినా నోటితో చెప్పకుండా ఆ ఫొటో పంపడమే. ఇది చాలా చిన్న పనిలా ఉంటుంది గానీ సగం తప్పులు ఇక్కడే ఆగిపోతాయి, నోటితో చెప్పిన పేరుని అవతలివాళ్ళు తమకి తెలిసిన పేరులాగే వింటారు.

తర్వాత మనుషుల సంగతి. అమ్మ గట్టి నమ్మకం ఏంటంటే "పేరు సరిగ్గా రాయని వాళ్ళకి నా బిడ్డంటే లెక్క లేదు". దీని మీద చాలా మాట్లాడుకున్నాం. పేర్లు గుర్తుండకపోవడం గురించి 1987లో ఇంగ్లండ్‌లో చేసిన ఒక స్టడీ చెప్పాను, ఒకే మాటని కొన్ని ముఖాలకి పేరుగా, కొన్ని ముఖాలకి వృత్తిగా నేర్పిస్తే, బేకర్ అనే పేరు కన్నా బేకరు పని చేసే మనిషి అనేదే జనానికి బాగా గుర్తుంది. మాట అదే, పేరు అనేసరికి మెదడుకి పట్టుకోడానికి ఏమీ దొరకదు. దాంతో పాటు మన కళ్ళు కూడా, అంతకుముందు వందసార్లు చూసిన శృతి ఉండగా కొత్తగా వచ్చిన ధృతిని అక్షరం అక్షరం చదవవు. ఆవిడ విన్నారు, తలూపారు, నమ్మలేదు. స్టడీలు చెప్తే నమ్మే కోపం కాదు అది.

నమ్మింది ఎప్పుడంటే, స్కూల్ వాళ్ళకి తను పంపిన మెసేజ్‌లు చూపించడానికి ఫోన్ తీసినప్పుడు. ఎన్నిసార్లు చెప్పినా టీచరు మారలేదని చూపించాలని పాత మెసేజ్‌లు పైకి జరుపుతుంటే ఒకచోట ఆవిడ వేలు ఆగిపోయింది. "మేడమ్, శృతికి జ్వరం, ఈరోజు రాదు". పంపింది ఆవిడే. ఇంకొంచెం పైకెళ్తే ఇంకోటి. కీబోర్డు మార్చేసింది, ఈవిడ చూసుకోలేదు, టీచరు పాపం అమ్మే అలా రాసింది కదా అనుకుని ఉంటారు. ఫోన్లు చేసేది అదే, మనం కొట్టిన మాట దాని లిస్టులో లేకపోతే ఒకటి రెండు అక్షరాల తేడాలో ఉన్న, జనం ఎక్కువగా వాడే మాట ఏదుందో వెతికి పెట్టేస్తుంది. రెండు మాటల మధ్య ఎన్ని అక్షరాల తేడా అని కొలిచే లెక్క 1965లోనే లెవెన్‌స్టీన్ అనే రష్యన్ గణిత శాస్త్రవేత్త ఇచ్చాడు, ఆ లెక్కలో ధృతికీ శృతికీ తేడా ఒకటే ఒకటి, ఇక ఫోన్ తప్పేముంది. ఆవిడ ముందు తెల్లబోయారు, తర్వాత కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఆ రోజే ఫోన్ డిక్షనరీలో పాప పేరు యాడ్ చేసుకున్నారు, టీచర్‌కి చెప్పి ఆవిడ ఫోన్లో కూడా చేయించారు, ఈసారి మెసేజ్‌లో కోపం లేదు, "నా ఫోనే తప్పు రాసిందండీ, మీది కూడా చూడండి" అని పెట్టారు.

ఇక్కడిదాకా అంతా పెద్దవాళ్ళ గొడవ, పాపతో పని ఇంకా అలాగే ఉంది.

పాపని అడిగాను, నీ పేరు ఎవరైనా తప్పు రాస్తే ఎవరు చెప్పాలి అని. అప్పటిదాకా ఆ ప్రశ్న తనని ఎవరూ అడగలేదు, అది తన నిర్ణయం అని తనకి తట్టనే లేదు. బాగా ఆలోచించి తన రూల్స్ తనే చెప్పింది, ఫ్రెండ్స్‌కి నేను చెప్తా, టీచర్‌కి నేను చెప్తా కానీ ఒక్కదాన్నే ఉన్నప్పుడు చెప్తా, ఆఫీసు కాగితాలు అమ్మానాన్న చూసుకోవాలి, అందరి ముందూ మాత్రం ఎవరూ ఏమీ అనకూడదు. క్లాసులో ఒక ఫ్రెండ్ ధ్రూ అని పిలుస్తుంది, అది తప్పు కాదు, అది మా ఇద్దరిది అని కూడా చెప్పింది. అమ్మకి ఆ ధ్రూ అస్సలు నచ్చదు, అయినా ఒప్పుకున్నారు. నాకైతే ఆ లిస్టులో నచ్చింది అదే, పేరు తనది అనుకున్న పిల్లే కదా దాన్ని ఒకరికి ముద్దుపేరుగా ఇవ్వగలిగేది.

చెప్పడం ప్రాక్టీసు చేయించాలి కదా, నేను పరధ్యానం టీచర్‌గా, రిజిస్టర్ చూసి గబగబా పిలిచే మనిషిగా, ఎన్నిసార్లు చెప్పినా వినని అంకుల్‌గా వేషాలు వేశాను. మొదట్లో గొంతు పెగల్లేదు, తర్వాత నన్ను సరిచేయడంలో పిల్లకి భలే సరదా పుట్టింది. ఒక రూలు మాత్రం పెట్టాను, సారీ అని మొదలుపెట్టకూడదు, పేరు చెప్పడానికి సారీ ఎందుకు. రకరకాలుగా చెప్పి చూసుకుని చివరికి తనకి నచ్చిన మాట తనే తయారుచేసుకుంది, "ధృతి అండీ, ధనుస్సులో ధ". అంతే, వివరణ లేదు, ముఖం చిట్లించడం లేదు. అమ్మకి కూడా అదే నేర్పింది. ఆవిడ అంతకుముందు సరిచేసే పద్ధతి చాలా పొడుగ్గా ఉండేది, పేరుకి అర్థం, ఎందుకు పెట్టాం, ఎన్నిసార్లు చెప్పాం అన్నీ వచ్చేవి, అవతలివాళ్ళకి పేరు గుర్తుండదు, తిట్లు గుర్తుంటాయి.

మేనత్త సంగతి వేరు, అది తప్పు రాయడం కాదు. పాప పుట్టినప్పుడు ఆవిడ ఇంకో పేరు చెప్పారట, వీళ్ళు పెట్టలేదు, అప్పట్నుంచి మెసేజ్‌ల్లో కావాలనే ఇష్టమొచ్చినట్టు రాస్తారు, నోరు తిరగదు అంటారు. ఇలాంటిచోట అమ్మ ఎంత చెప్పినా అది వదినా మరదళ్ళ గొడవగానే మిగులుతుంది, చెప్పాల్సింది ఆవిడ తమ్ముడే. నాన్నగారు రెండు మూడు వారాలు వాయిదా వేశాక ఫోన్ చేసి "అక్కా, నువ్వు కావాలని రాస్తున్నావని పాపకి అర్థమయ్యే వయసొచ్చింది" అన్నారు. ఆవిడ నొచ్చుకున్నారు, ఇప్పుడు మెసేజ్‌ల్లో పేరు రాయకుండా పాప అని మాత్రమే రాస్తున్నారు. దీన్ని మెరుగు అనాలో లేదో తెలీదు గానీ అమ్మ మాత్రం తప్పు పేరు కన్నా అదే నయం అంటున్నారు.

మధ్యలో ఒకసారి అంతా మొదటికొచ్చింది. ఇంకేదో పోటీలో సర్టిఫికెట్ మళ్ళీ తప్పు పేరుతో వచ్చింది, అమ్మ రాత్రి నాకు ఫొటో పెట్టి "ఏం చేయమంటారు" అని అడిగారు. మన ఒప్పందం ప్రకారం ఇది ఎవరి లిస్టులో ఉందో చూడండి అన్నాను. పాపనే అడిగితే తను మర్నాడు వెళ్ళి టీచర్‌కి చెప్తానంది, చెప్పింది కూడా, టీచర్ వేరేది ప్రింట్ చేయిస్తామన్నారు, నెల దాటినా రాలేదు. పాపకి పట్టలేదు, అమ్మకి పట్టింది, కానీ ఫోన్ చేయలేదు. నా లెక్కలో ఈ కేసులో అన్నిటికన్నా కష్టమైన పని ఆ ఫోన్ చేయకుండా ఉండడమే.

స్కూల్ రిజిస్టర్ మారింది, పుట్టిన సర్టిఫికెట్‌లో ఉన్నట్టే వేశారు, మార్చినట్టు కాగితం కూడా తీసుకున్నారు. అది తప్పకుండా తీసుకోమన్నాను, నోటితో "మార్చాంలెండి" అన్న మాట తర్వాత ఎక్కడా చెల్లదు. పాప పుస్తకాల మీద మళ్ళీ ధృతి అనే రాస్తోంది, అన్నిటి మీదా కాదు, ఒక రఫ్ నోట్సు మీద ధ్రూ అని ఉంది. ఫొటోల ఫోల్డర్ అమ్మ ఫోన్లో ఇంకా ఉంది, తీసేయమని నేను అడగలేదు.

కేసు ముగించేముందు ఆవిడ ఒకటి అడిగారు, ఇన్నేళ్ళ తర్వాత నా సర్టిఫికెట్లో పేరు కూడా మార్చుకోవచ్చా అని. ఇంత వయసొచ్చాక ఎందుకు, రిటైరయ్యేదాకా ఇలాగే లాగెయ్ అని నాన్నగారు అంటే ఆవిడ ఆయన వైపు చూడను కూడా చూడలేదు. అది నా పని కాదు, దానికి లాయర్‌ని అడగాలి అని చెప్పి, అడగడానికి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళాల్సిన కాగితాల లిస్టు మాత్రం అక్కడే కూర్చుని రాయించాను. ఆవిడ వచ్చే నెల వెళ్తానన్నారు.